గడ మీద గాటు

మార్చి నెలాఖర్న గోపాల్‌పూర్ కౌన్సిల్ ఆఫీసు నుంచి
ఒక కాగితం వస్తుంది.
పైన ఒడియా, గళ్ళలో ఇంగ్లీషు.
నింపాల్సిన నేను
నోటినిండా తెలుగుతో కూర్చుంటాను
టికెట్ బల్ల దగ్గర, పెన్ను మూత కొరుకుతూ.

'విహార నౌకాశ్రయం, వార్షిక లక్ష్యాలు.'
అంత పెద్ద పేరుకి
ఇరవై రెండు తెడ్డు పడవలు,
పదకొండు సిమెంటు మెట్లు, అందులో మూడు నాచువి,
నాలుగు బాతు బొమ్మ బోట్లు. ఒకదానికి మెడ లేదు,
బరంపురం కాలేజీ కుర్రాళ్ళు ఆ మెడని
భుజాన వేసుకుని ఫొటో దిగి, ఇసకలో వదిలేసి పోయారు.
మా తాత ఈ ఒడ్డు నుంచే
రంగం స్టీమరుకి జనాన్ని చేరవేసేవాడట.
ఎక్కినవాళ్ళు ఏడుస్తూ ఎక్కేవారట.
అప్పటికింకా విహారం అన్న మాట
మా పేటలో ఎవరి నోటికీ రాలేదు.

సాబత్ బాబు జీపు దిగడు.
"ఈ ఏడు ఎంత రాశావు?"
జనం పది శాతం ఎక్కువ, రాబడి పన్నెండు.
ఆ ఎక్కువ ఎక్కణ్ణించి వస్తుందో
గాలినీ వాననీ అడగాలి.
వాళ్ళు మీటింగులకి రారు.

పండగలు అని ఒక గడి ఉంది. ఒకటి, అని రాశాను.
కార్తీక పున్నమి తెల్లారుజామున
ఊరంతా అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతుంది,
ఎప్పుడో సముద్రం దాటి బేరానికి పోయినవాళ్ళ పేరున.
పొద్దెక్కేసరికి ఆ దొప్పలన్నీ
మా మెట్లకే వచ్చి ఒరుసుకుంటాయి.
మైలపల్లి పోలమ్మ గంపతో ఎత్తిపోస్తూ
"ఎల్లినోల్లు ఎవులూ ఎల్నేదురా,
అందరూ ఇక్కడే ఉండిపోనారు" అంటుంది.
ఎన్ని గంపలో రాయడానికి గడి లేదు.

ప్రమాదాలు.
పోయినేటి లక్ష్యం సున్న, సాధించింది సున్న.
ఆ సున్న చుట్టింది నేనే.
సూరాడ కామేసు టికెట్ కొన్నవాడు కాదు.
తుఫాను రాత్రి, కౌంటరు మూశాక,
కట్లు తెంచుకున్న పడవల వెంట ఈదాడు.
ఒక్కొక్కటే పద్దెనిమిదిటిని తెచ్చి కట్టాడు.
పందొమ్మిదోదాని తాడు మాత్రం
పొద్దున దొరికింది, చేతికి చుట్టుకుని ఉంది.
పని వేళ కాదన్నారు, యాత్రికుడు కాదన్నారు,
హద్దు తాడుకి అవతల జరిగిందన్నారు.
జాకెట్లు ఎనభై ఎనిమిది మా దగ్గర,
పడవకి నాలుగు లెక్కన, కూర్చునేవాళ్ళకి.
తెడ్డు వేసేవాడు కూర్చునేవాడి కింద రాడు.

కామేసు పేటలో అందరికన్నా పొడుగు.
మొగ దగ్గర లోతు చూసే వెదురు గడకి
అతన్నే పక్కన నిలబెట్టి గాట్లు పెట్టాం:
మోకాలు, మొల, రొమ్ము, గెడ్డం,
నవ్వుతూ కాసేపు కదిలాడు గనక
కొంచెం వంకరగా నెత్తి గాటు.
మీటర్లలో రాయమంటారు సాబత్ బాబు.
రాస్తాను.
కొలిచేది మాత్రం కామేసుతోనే.

నిన్న పాటు వేళ దానయ్యా నేనూ మొగకి పోయాం.
గడ దించితే నీళ్ళు రొమ్ము దగ్గర ఆగిపోయాయి.
ఇసక మేట వేసేసింది.
ఆఫీసు కొంటానంటున్న పెద్ద పడవ తిరగాలంటే
నెత్తి గాటు మునగాలి.
దానయ్య ఏమీ అనలేదు. గడ పైకి తీసి
గెడ్డం గాటు దగ్గర
బొటనవేలితో తుడిచాడు, అక్కడ తడే లేదు.

పూడిక తీత గడి ఇంకా ఖాళీ.
ఎంత లోతు తవ్వాలో నాకు తెలుసు,
ఆ మనిషి మళ్ళీ మునిగేదాకా.
పెన్ను అక్కడ పెట్టి తీసేశాను.
జాకెట్ల గడికి పోయి
ఎనభై ఎనిమిది కొట్టేసి నూటపది వేశాను.
ఎందుకని అడిగితే ఒడియాలో ఎలా చెప్పాలో
రెండు మూడు రకాలుగా అనుకుని చూస్తున్నా,
ఒక్కటీ కుదరడం లేదు.
బయట జీపు హారన్ కొడుతోంది.